తుప్పు పట్టిన ఎయిర్ గన్‌ను ఇంట్లోనే బాగు చేసుకోవడం ఎలా?

పాత రివాల్వర్లు కొని, ఉక్కుకు మళ్ళీ నీలినలుపు రంగు ఎక్కించి, పిడికి కొత్త చెక్క తొడిగి మురిసిపోయే వాళ్ళు అమెరికాలో చాలామంది ఉన్నారు. ఆ వీడియోలు చూసి మన ఒంగోలులోనో కావలిలోనో ఉన్న కుర్రాళ్ళకు కూడా చేతులు దురద పెడతాయి. మన దగ్గర అది కుదరదు. 1959 ఆయుధాల చట్టంలోని 5వ సెక్షన్ ప్రకారం తుపాకీ తయారు చేయడానికే కాదు, మరమ్మతు చేయడానికి కూడా విడిగా లైసెన్సు ఉండాలి. మీ తాతగారి పేరు మీదో మీ పేరు మీదో .32 రివాల్వర్‌కు లైసెన్సు ఉన్నా అది దగ్గర ఉంచుకోవడానికే గానీ, విప్పి బాగుచేయడానికి కాదు. తుడిచి, నూనె రాసుకోవడం వరకే మీ పని. అంతకు మించి ఏం కావాలన్నా లైసెన్సున్న ఆయుధాల షాపుకు ఇవ్వాల్సిందే.

అయితే ఆ పనిలో ఉన్న విద్య మాత్రం రివాల్వర్‌కే పరిమితం కాదు. తుప్పు తీయడం, ఉక్కును సాన పట్టడం, నలుపు ఎక్కించడం, చెక్కకు నూనె తాగించడం అన్నీ ఎయిర్ గన్ మీద కూడా అలాగే చేస్తారు. 2016 ఆర్మ్స్ రూల్స్ ప్రకారం బోరు, అంటే గొట్టం లోపలి రంధ్రం, .177 అంగుళాలు, అంటే 4.5 మిల్లీమీటర్లు దాటకుండా, శక్తి 20 జౌళ్ళు మించకుండా ఉన్న ఎయిర్ గన్‌కు లైసెన్సు అవసరం లేదు. తిరునాళ్ళలో బెలూన్లు కొట్టించే స్టాళ్ళలో ఉండేవి, పాత ఇళ్ళల్లో అటక మీద మూలుగుతూ ఉండేవి చాలావరకు ఈ కోవలోవే. బోరు అంతకంటే పెద్దదని అనుమానం వస్తే దాని జోలికి పోకండి. అనుమానం లేకపోయినా బిల్లు, అమ్మినవాళ్ళ వివరాలు రాసిన కాగితం దగ్గర ఉంచుకోండి. ఎప్పుడో ఒకరోజు ఎవరో ఒకరు అడుగుతారు.

ఇంకో మాట. ఇక్కడ చెప్పేది రూపం బాగుచేయడం గురించే. స్ప్రింగు మార్చి శక్తి పెంచడం, ట్రిగ్గర్ తేలిక చేయడం, బోరు పెద్దది చేయడం ఇందులో లేవు. వాటితో మీ ఎయిర్ గన్ చట్టం గీసిన గీత దాటిపోవచ్చు, మీరు కూడా దాంతోపాటే.

ముందు కొనే ముచ్చట

తుప్పును చూసి భయపడకండి. పైకి ఎర్రగా బూజు పట్టినట్టున్న గన్ లోపల బాగుండొచ్చు, నల్లగా మెరుస్తున్నది లోపల పోయి ఉండొచ్చు. చేతిలోకి తీసుకోగానే అందులో గుండు ఉందనే అనుకోండి. గొట్టం మొన మనుషుల వైపు గానీ రోడ్డు వైపు గానీ తిప్పకండి.

మన దగ్గర దొరికే పాతవాటిలో ఎక్కువభాగం గొట్టాన్ని మధ్యకు విరిచి స్ప్రింగు బిగించేవే. గొట్టాన్ని నెమ్మదిగా కిందికి వంచి చూడండి. మామూలుగా అయితే గట్టిగా ఎదురు తన్నాలి. ఏ బరువూ లేకుండా తేలిగ్గా వంగిపోయిందంటే రెండే కారణాలు. స్ప్రింగు విరిగి ఉండాలి, లేదా గన్ ఇప్పటికే బిగించి ఉండాలి. రెండోదే అనుకుని జాగ్రత్తపడండి. గుండు గదిలోకి తొంగి చూసి, గొట్టం మూసి, మెత్తటి మట్టిగుట్ట వైపు పెట్టి ట్రిగ్గర్ నొక్కి ఖాళీ చేయండి. గొట్టం తెరిచి ఉండగా మాత్రం ట్రిగ్గర్ మీద వేలు పెట్టకండి. స్ప్రింగు ఒక్కసారిగా వదిలితే గొట్టం ఎగిరి వచ్చి మూసుకుంటుంది. మధ్యలో వేలుంటే వేలు పోతుంది, లేకపోతే చెక్క పగులుతుంది. చాలా పాత గన్‌ల గొట్టాలు పైకి వంగి ఉండటానికి కారణం ఇదే. ఎవరో ఒక పిల్లవాడు తెరిచి ఉండగానే నొక్కేసి ఉంటాడు.

ఆ వంపును కనిపెట్టడం తేలికే. గుండు పెట్టే వైపు నుంచి వెలుతురు కేసి బోరులోకి చూడండి. తిన్నటి గొట్టమైతే లోపల వెలుగు రింగులు ఒకదాంట్లో ఒకటి సరిగ్గా కూర్చున్నట్టు కనిపిస్తాయి. వంగి ఉంటే ఒక పక్కకు జరిగి ఉంటాయి. అలాంటిది ఉచితంగా ఇచ్చినా తీసుకోకండి. తుప్పు, గీతలు, రంగు పోయిన చెక్క, అరిగిపోయిన తోలు వాషరు, ఇవన్నీ బాగుచేసుకోవచ్చు. చెక్క మెడ దగ్గర, అంటే చెయ్యి పట్టుకునే సన్నటి చోట, అడ్డంగా పగులుంటే బేరంలో గట్టిగా తగ్గించండి. నిలువు పగులైతే అంత పట్టించుకోనక్కర్లేదు.

గన్ మీద నంబరు, కంపెనీ పేరు అచ్చు వేసి ఉంటాయి. ఎవరైనా ఆ నంబరు గీకేసి ఉంటే ముట్టుకోకండి. తుపాకీల మీద గుర్తులు చెరపడాన్ని ఆయుధాల చట్టం 8వ సెక్షన్ నేరంగా చూస్తుంది. లైసెన్సు అక్కర్లేని ఎయిర్ గన్ అయినా నంబరు చెరిపిందాన్ని చూసి అనుమానపడని పోలీసు ఉండడు. మీరు సాన పట్టేటప్పుడు కూడా అచ్చు అక్షరాల మీదికి కాగితం పోకుండా చూసుకోవాలి.

ఎప్పుడు ఏది చేయాలి

నెల్లూరు, ప్రకాశం తీరంలో ఉన్నవాళ్ళకు ఈ పనిలో క్యాలెండరు వాతావరణమే. మనకు వానలు ఎక్కువగా ఈశాన్య రుతుపవనాలతో, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వస్తాయి. అప్పుడు గాలిలో తేమ విపరీతం. చెక్కకు రాసిన నూనె రోజులు గడిచినా జిగటగానే ఉంటుంది. అదే తేమ ఉక్కుకు నలుపు ఎక్కించడానికి మాత్రం వరం. ఎందుకో ఆ పని దగ్గరికి వచ్చినప్పుడు చెప్తాను. కాబట్టి చెక్క పని ఫిబ్రవరి నుంచి మే లోపు పెట్టుకోండి, ఇనుము పని వానల్లో పెట్టుకోండి. మధ్యలో గన్ రెండు ముక్కలుగా ఉంటుంది, ఉండనివ్వండి. తొందరపడేవాళ్ళకు ఈ సరదా పనికిరాదు.

విప్పడం

చెక్కను పట్టి ఉంచే స్క్రూలు మామూలుగా ముందు భాగంలో రెండు వైపులా ఒక్కోటి, ట్రిగ్గర్ చుట్టూ ఉండే కమ్మీ దగ్గర ఒకటో రెండో ఉంటాయి. ఇంట్లో ఉన్న ఏదో ఒక స్క్రూడ్రైవర్‌తో మొదలుపెడితే మొదటి పది నిమిషాల్లోనే స్క్రూ తల చెడుతుంది. తర్వాత ఎంత అందంగా రంగు వేసినా చూసేవాడి కన్ను ఆ చెడిన తల మీదే పడుతుంది. ఒక మామూలు స్క్రూడ్రైవర్ మొనను సాన రాయి మీద అరగదీసి, స్క్రూ గాడిలో వెడల్పుకు, మందానికి సరిగ్గా కూర్చునేలా చేసుకోండి. స్క్రూ కదలకపోతే తుప్పు వదిలించే నూనె ఒక చుక్క వేసి రాత్రంతా వదిలేయండి. అప్పటికీ రాకపోతే సోల్డరింగ్ ఐరన్‌ను స్క్రూ తల మీద కాసేపు ఆనించి, వేడి మీద తిప్పండి.

అట్టముక్క మీద గన్ బొమ్మ గీసి, ఏ స్క్రూ ఎక్కడిదో ఆ చోటనే గుచ్చి పెట్టుకోండి. ఫోటోలు తీసుకుంటే ఇంకా మంచిది.

చెక్క ఊడాక కనిపించే ఉక్కు గొట్టం లోపల స్ప్రింగు ఉంటుంది. దాన్ని మీరు విప్పొద్దు. బయటికి బిగించినట్టు కనబడకపోయినా ఆ స్ప్రింగు లోపల నొక్కుకునే ఉంటుంది. వెనక పిన్ను లాగగానే బిళ్ళతో సహా ఎగిరి ముఖానికి తగులుతుంది. దానికి స్ప్రింగు నొక్కి పట్టే చట్రం ఉండాలి. ఎయిర్ గన్‌లు అమ్మే షాపుల్లో మెకానిక్ దగ్గర అది ఉంటుంది. అతని చేత స్ప్రింగు, అది తోస్తే గాలిని నొక్కే పిస్టను, గొట్టం విడదీయించుకుని, ఉక్కు భాగాలు ఇంటికి తెచ్చుకోండి. పని అయ్యాక మళ్ళీ అతని చేతే బిగించుకోండి. వెళ్ళినప్పుడే పిస్టను తోలు వాషరు, గొట్టం మొదట్లో ఉండే సీలు కొత్తవి వేయమని చెప్పేయండి. పాతది మళ్ళీ వేయించుకోవడం దండగ.

చెక్క

పాత వార్నిషును గీకడానికి మన వడ్రంగులు గాజు పెంకు వాడతారు. పగిలిన కిటికీ అద్దం ముక్క అంచు ఇసుక కాగితం కంటే శుభ్రంగా గీకుతుంది, చెక్క పొడి లేవదు. చేతికి మందపాటి తొడుగు వేసుకుని, చెక్క నార వెంబడి మీవైపుకు లాగుతూ గీకండి. వంపుల్లో మాత్రం వార్నిషు కరిగించే రిమూవర్ వాడాలి.

సొట్టలను గీకి పూడ్చాలని చూడకండి. సొట్టలో చెక్క పోలేదు, నొక్కుకుపోయింది అంతే. తడి నూలు గుడ్డ నాలుగు మడతలు వేసి సొట్ట మీద పెట్టి, పైన ఇస్త్రీ పెట్టె ఆనించండి. ఆవిరి లోపలికి పోయి నార ఉబ్బి సొట్ట పైకి లేస్తుంది. ఒకసారికి రాకపోతే మళ్ళీ చేయండి. గాడిలా తెగిన గీతలు మాత్రం ఇలా రావు.

చాలా పాత చెక్కల్లో ఇనుముకు వేసిన నూనె ఏళ్ళ తరబడి ఇంకిపోయి నల్లటి మచ్చలుగా ఉంటుంది. దాని మీద ఏ పాలిషూ నిలవదు. సుద్ద పొడిని అసిటోన్‌తో ముద్దగా కలిపి ఆ మచ్చల మీద పట్టించి ఎండలో పెట్టండి. అసిటోన్ ఆరిపోతూ నూనెను సుద్దలోకి లాగుతుంది. ముద్ద పసుపు రంగుకు తిరిగితే దులిపి కొత్తది పట్టించండి. పొయ్యి దగ్గర గానీ బీడీ నోట్లో పెట్టుకుని గానీ ఈ పని చేయకూడదని వేరే చెప్పక్కర్లేదనుకుంటా.

పగుళ్ళకు అరల్డైట్ జిగురు చాలు. కాస్త వేడి చేస్తే పల్చబడి సన్నటి పగుల్లోకి కూడా దిగుతుంది. మెడ దగ్గరి పగులైతే జిగురు ఒక్కటే నిలవదు. అడ్డంగా సన్నటి రంధ్రం వేసి, వెదురు పుల్లో ఇత్తడి కడ్డీయో జిగురుతో దిగ్గొట్టాలి. మూల ఊడిపోయి ముక్క అతకాల్సి వస్తే గట్టి చెక్క కావాలి. నెల్లూరు జిల్లా ఉదయగిరిలో చెక్క గరిటెలు, చెమ్చాలు చెక్కే పనివాళ్ళ దగ్గర మిగిలిన తునకలు ఇలాంటి అతుకులకు బాగా పనికొస్తాయి. వాళ్ళు వాడే అడవి చెక్కలు నార బిగుతుగా ఉండి, సన్నగా చెక్కినా విరగవు. రంగు కలిసేది ఎంచుకుని, నార ఒకే దిక్కుకు ఉండేట్టు పెట్టండి.

తర్వాత ఉప్పుకాగితం. 120 నంబరుతో మొదలై 180, 240, 320 దాకా, నంబరు పెరిగేకొద్దీ కాగితం సన్నన. వేళ్ళతో పట్టి రుద్దితే అలలు వస్తాయి, చెక్క దిమ్మకు చుట్టి రుద్దండి. వెనక చివరన ఉండే ప్లాస్టిక్ పలకను బిగించి ఉంచే రుద్దాలి, లేకపోతే అంచులు గుండ్రమై పలకకు, చెక్కకు మధ్య మెట్టు ఏర్పడుతుంది. ఇనుము కూర్చునే లోపలి గాడిని మాత్రం ముట్టుకోకండి. ఆఖరి కాగితం అయ్యాక తడి గుడ్డతో తుడిచి ఆరనిస్తే సన్నటి నూగు లేస్తుంది. దాన్ని 320తో తేలిగ్గా తీసేయండి.

పూతగా వార్నిషు కంటే అవిసె నూనె నాకు నచ్చుతుంది. పెయింట్ల కొట్లో లిన్సీడ్ ఆయిల్ అని అడిగితే ఇస్తారు, అందులో కాచింది తీసుకోండి. పచ్చిది ఆరడానికి చాలా రోజులు పడుతుంది. మొదటి పూతకు సగం టర్పెంటైన్ కలిపి ధారాళంగా రాయండి, చెక్క తాగినంత తాగుతుంది. పదిహేను నిమిషాల తర్వాత పైన మిగిలినదంతా పొడి గుడ్డతో తుడిచేయండి. తుడవకపోతే అది జిగటగా గడ్డకట్టి, దుమ్ము పట్టి, మళ్ళీ గీకాల్సి వస్తుంది. తర్వాతి పూతలు రోజుకొకటి, అరచేత్తో వేడి పుట్టేదాకా రుద్దుతూ పల్చగా వేయండి. ఐదారు పూతలకు లోపలి నుంచి వస్తున్నట్టు ఒక మెరుపు వస్తుంది. మళ్ళీ గీత పడితే అక్కడొక్కచోట రుద్ది నూనె రాసుకోవచ్చు. వార్నిషుకు ఆ సౌకర్యం లేదు.

నూనె తుడిచిన గుడ్డల గురించి మర్చిపోకండి. అవిసె నూనె గాలి పీల్చుకుంటూ ఆరుతుంది, ఆరేటప్పుడు వేడి పుడుతుంది. గుడ్డలను ఉండచుట్టి మూలన పడేస్తే ఆ వేడి బయటికి పోలేక వాటంతట అవే అంటుకుంటాయి. నెల్లూరు మే నెల ఎండలో అయితే ఇంకా తొందరగా. దండెం మీద విడివిడిగా ఆరేయండి, లేదా నీళ్ళ బకెట్లో ముంచండి.

ఇనుము

చాలామంది నేరుగా నలుపు రంగు డబ్బా కొనుక్కొచ్చి కొట్టేస్తారు. చూడ్డానికి కొత్త గేటులా ఉంటుంది. ఉక్కు మీద ఉండే ఆ నీలినలుపు పెయింటు కాదు. ఉక్కు పైపొరే మార్పు చెంది నల్లటి ఐరన్ ఆక్సైడు, అంటే మాగ్నెటైటుగా మారడం. ఆ పొర ఎంత పల్చన అంటే కింద ఉన్న ప్రతి గీతా దాంట్లోంచి కనిపిస్తుంది. అందుకే ఈ పనిలో ముప్పాతిక భాగం రంగులో లేదు, దానికి ముందు పట్టే సానలో ఉంది.

మొదట అసలు సాన అవసరమా అని చూడండి. పాత నలుపు చాలావరకు ఉండి, పైన మాత్రమే తుప్పు చిలుము ఉంటే, నూనె వేసి బాగా సన్నరకం స్టీల్ ఊల్‌తో, అంటే ఉక్కు పీచుతో, మెల్లగా రుద్దండి. మొండి మచ్చలను రాగి ముక్క అంచుతో గీకండి. రాగి ఉక్కు కంటే మెత్తన కాబట్టి తుప్పు లేస్తుంది, కింది నలుపు నిలుస్తుంది. చాలా గన్‌లకు ఇది చాలు. అరిగిన అంచుల దగ్గర వెండిలా మెరిసే ఉక్కు, మిగతా చోట పాత నలుపు ఉంటే దానికొక హుందాతనం ఉంటుంది. దాన్ని చెరిపేసి కొత్తదానిలా చేయడం నా దృష్టిలో నష్టమే.

తుప్పు గుంటలు పడే దాకా తిన్నదైతే మాత్రం అంతా తీసేయాలి. పాత నలుపును వెనిగర్‌లో తడిపిన గుడ్డతో తుడిస్తే కాసేపట్లో వదిలిపోతుంది. వెంటనే నీళ్ళతో కడిగి, బట్టల సోడా నీళ్ళతో తుడవండి, ఆమ్లం మిగలకూడదు. చిన్న ముక్కలకు ఆ బట్టల సోడా నీళ్ళలోనే 12 వోల్టుల బ్యాటరీ చార్జర్‌తో కరెంటు పెట్టి తుప్పు తీసే పద్ధతి కూడా ఉంది. ముక్కకు నెగెటివ్, పక్కన వేలాడే ఇనప చువ్వకు పాజిటివ్. ఆ చువ్వ స్టెయిన్‌లెస్ స్టీలుది కాకూడదు, విషపు క్రోమియం నీళ్ళలోకి దిగుతుంది. హైడ్రోజన్ వాయువు వస్తుంది కాబట్టి ఆరుబయట చేయండి. స్ప్రింగులు, ట్రిగ్గర్ లోపలి ముక్కలు ఇందులో వేయకండి, హైడ్రోజన్ లోపలికి దిగి అవి పెళుసెక్కుతాయి.

ఇక సాన. బఫింగ్ మోటారు దగ్గరికి తీసుకెళ్ళకండి. ఆ చక్రం అంచులన్నీ గుండ్రం చేసేస్తుంది, అక్షరాలు కరిగిపోతాయి, స్క్రూ రంధ్రాల చుట్టూ గుంటలు పడతాయి. చేత్తో చేసిందే నిలుస్తుంది. గొట్టానికి వాటర్ పేపర్‌ను, అంటే తడిపి వాడే ఉప్పుకాగితాన్ని, పట్టీలుగా చించి, బూటు పాలిష్ చేసేవాడు గుడ్డ లాగినట్టు అటూ ఇటూ లాగుతూ 180తో మొదలుపెట్టండి. గుంటలు పోయాక 240తో గొట్టం వెంబడి నిలువుగా, 320తో మళ్ళీ అడ్డంగా, 400తో మళ్ళీ నిలువుగా. ఇలా దిక్కు మారుస్తూ పోతే ముందు కాగితం గీతలు పోయాయో లేదో కంటికి తెలుస్తుంది. ఒక్క అడ్డగీత మిగిలినా నలుపు ఎక్కాక అది అరుస్తున్నట్టు కనిపిస్తుంది.

బల్లపరుపుగా ఉండే భాగాలకు మన ప్రకాశం జిల్లాలో ఒక సౌకర్యం ఉంది. చీమకుర్తి గ్రానైట్ ముక్కలు ఒంగోలు చుట్టుపక్కల ఎక్కడైనా దొరుకుతాయి. ఒక పాలిష్ పట్టిన తునక తెచ్చుకుని, దాని మీద నీళ్ళు చల్లి వాటర్ పేపర్ పరిస్తే అతుక్కుని కదలదు. ఇనుప ముక్కను దాని మీద పెట్టి రుద్దితే పలక పలకలాగే ఉంటుంది, అంచు అంచులాగే ఉంటుంది. వేళ్ళతో రుద్దితే అది సాధ్యం కాదు.

400 దగ్గర ఆపండి. అద్దంలా మెరిపించాలనే కోరిక అందరికీ ఉంటుంది. కానీ ఎయిర్ గన్‌కు మెత్తటి పట్టులాంటి నునుపే అందం. పైగా మనం చేయబోయే నలుపు అద్దపు నునుపు మీద సరిగ్గా పట్టదు.

తుప్పుతోనే నలుపు

ఆన్‌లైన్‌లో సీసాల్లో దొరికే కోల్డ్ బ్లూ అనే ద్రవం రుద్దితే రెండు నిమిషాల్లో నలుపు వస్తుందని విని ఉంటారు. వాటిలో ఎక్కువగా సెలీనియం ఉప్పులు ఉంటాయి, విషం. చేతి తొడుగులు లేకుండా ముట్టుకోకూడదు. పైగా ఆ నలుపు చెయ్యి ఆడేచోట కొన్నాళ్ళకే పోతుంది. స్క్రూ తలలకు, చిన్న గీతలకు వాడుకోండి, మొత్తం గొట్టానికి వద్దు.

అంతకంటే పాతది, గట్టిది తుప్పు పద్ధతి. ఉక్కుకు కావాలనే పల్చగా ఎర్ర తుప్పు పట్టించి, దాన్ని మరిగే నీళ్ళలో వేస్తే ఆ ఎరుపు నల్లటి మాగ్నెటైటుగా మారుతుంది. పైన వదులుగా ఉన్నది రుద్దేసి మళ్ళీ అదే పని. ఐదారుసార్లకు లోతైన నలుపు వస్తుంది. తుప్పు సమంగా పట్టాలంటే గాలిలో తేమ ఉండాలి. నవంబరులో మన తీరంలో తేమ ఊరికే దొరుకుతుంది. అందుకే వానల్లో పెట్టుకోమన్నాను.

ముందు గొట్టం మీదున్న గురి చూసే సైట్లు, ప్లాస్టిక్ ముక్కలు, సీలు అన్నీ తీసేయండి. బోరు లోపల తుప్పు పట్టకూడదు కాబట్టి రెండు చివరలా మొన చెక్కిన పొడుగాటి చెక్క బిరడాలు గట్టిగా దిగ్గొట్టండి. అవే మీకు పిడులు కూడా. మరిగేటప్పుడు లోపలి గాలి వ్యాకోచిస్తుంది కాబట్టి బిరడా ఎదురుగా ముఖం పెట్టకండి. గొట్టాన్ని అసిటోన్‌తో తుడిచి, తర్వాత గిన్నెలు తోమే సబ్బుతో కడిగి, అప్పటినుంచి తొడుగు లేని చెయ్యి తగలనివ్వకండి. వేలిముద్ర పడ్డచోట నలుపు పట్టదు.

తుప్పు పట్టించే నీళ్ళు ఇంట్లోనే కలుపుకోవచ్చు. మెడికల్ షాపుల్లో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడు మామూలుగా 6 శాతంది, సమానంగా నీళ్ళు కలిపితే 3 శాతం అవుతుంది. ఆ నీళ్ళు రెండు కప్పులకు పావు కప్పు వెనిగర్, ఒకటిన్నర చెమ్చా ఉప్పు. ఏ రోజుకారోజు కలుపుకోండి, మిగిలింది పారబోయండి. మూత బిగించి దాస్తే సీసా పేలొచ్చు. కళ్ళద్దాలు పెట్టుకుని, గాలి ఆడేచోట, గొట్టాన్ని గోరువెచ్చగా చేసి, దూదితో తడి కనిపించీ కనిపించనంత పల్చగా ఒకే వైపుకు రాయండి. కారేంత రాస్తే చారలు పడతాయి. కాసేపట్లోనే సన్నటి నారింజ రంగు పొర లేస్తుంది. ఎక్కువసేపు వదిలేస్తే గుంటలు పడతాయి, పొర సమంగా పరుచుకోగానే మరిగించండి.

మరిగించడానికి బోరుబావి నీళ్ళు పనికిరావు. మన తీరంలో వాటిలో ఉప్పు, సున్నం ఎక్కువ, తెల్లటి మచ్చలు పడతాయి. బ్యాటరీ షాపులో అమ్మే డిస్టిల్డ్ వాటర్ తెచ్చుకోండి. గొట్టం పూర్తిగా మునిగే పొడుగాటి స్టీలు తొట్టి చేయించుకోవాలి. జింకు పూసిన రేకుతో వద్దు. పదిహేను ఇరవై నిమిషాలు బాగా మరగనిస్తే ఎరుపు పోయి మసిలాంటి నలుపు కనిపిస్తుంది. బయటికి తీసి, వేడికి తనంతట ఆరిపోయాక, సన్నరకం స్టీల్ ఊల్‌తో పైపైన తుడవండి. ఆ ఊల్‌కు కంపెనీవాళ్ళు నూనె పట్టించి ఉంటారు, వాడేముందు అసిటోన్‌లో పిండి ఆరబెట్టుకోండి. లేకపోతే రెండో విడత నీళ్ళు గొట్టం మీద నిలవవు.

మొదటి విడతకు బూడిద రంగే వస్తుంది, నిరాశపడకండి. మూడోదానికి నలుపు తేలుతుంది. రెండు విడతలకు మధ్య తేడా కనిపించనప్పుడు ఆపేయండి. ఉప్పు వాడాం కాబట్టి చివర్లో వంటసోడా కలిపిన నీళ్ళలో కాసేపు నాననిచ్చి, మళ్ళీ శుభ్రమైన డిస్టిల్డ్ వాటర్లో ఒకసారి మరిగించండి. వేడిగా ఉండగానే ఇంజిన్ ఆయిల్ ధారాళంగా రాసి రాత్రంతా వదిలేయండి. పొద్దున తుడిస్తే అప్పటిదాకా మసకగా ఉన్న నలుపు లోతుగా కనిపిస్తుంది. బిరడాలు తీసి, నూనె గుడ్డతో బోరును గుండు పెట్టే వైపు నుంచి తుడవండి.

బిగించాక

మెకానిక్ స్ప్రింగు బిగించి ఇచ్చాక చెక్కను మీరే అమర్చుకోండి. స్క్రూలు సమంగా, ఒక్కోటి కొంచెం కొంచెంగా బిగించాలి. తోలు వాషరుకు సిలికాన్ ఆయిల్ ఒకటి రెండు చుక్కలు మాత్రమే. కుట్టు మిషను నూనె, ఇంజిన్ ఆయిల్ గాలి గదిలోకి పోయకండి. పిస్టను నొక్కినప్పుడు లోపలి గాలి ఎంత వేడెక్కుతుందంటే ఆ నూనె డీజిల్ ఇంజిన్‌లోలాగా పేలుతుంది. పొగ, పెద్ద చప్పుడు, సీలు చెడటం అన్నీ అందుకే.

గుండు లేకుండా కాల్చి ఆడుకోకండి, పిస్టను నేరుగా గాలి గది గోడకు కొట్టుకుని స్ప్రింగు పాడవుతుంది. కాల్చి చూసేటప్పుడు పాత గుడ్డలు కూరిన మందపాటి అట్టపెట్టె, దాని వెనక ఇటుక గోడ, కళ్ళద్దాలు తప్పనిసరి. ఒలింపిక్స్‌లో ఎయిర్ రైఫిల్ పోటీ జరిగేది 10 మీటర్ల దూరంలో, ఈ 4.5 మిల్లీమీటర్ల గుండుతోనే. 2008 బీజింగ్‌లో అభినవ్ బింద్రాకు బంగారు పతకం వచ్చింది అందులోనే. మీ పెరట్లో కూడా ఆ దూరం చాలు. పిట్టల వైపు మాత్రం ఎత్తకండి. కొంగల్ని, గూడబాతుల్ని కొట్టి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కేసులో ఇరుక్కుంటే ఏ బిల్లూ కాపాడదు. గుండ్లు సీసంవి, కాల్చాక సబ్బుతో చేతులు కడుక్కునే అన్నం తినండి.

ఇక దాచడం. మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రపు ఒడ్డు ఊళ్ళ వైపు ఉన్నవాళ్ళకు ఉప్పుగాలి వల్ల కొత్త నలుపు మీద కూడా తుప్పు చుక్కలు లేస్తాయి. గన్‌తో వచ్చిన రెగ్జిన్ కవరులో పెట్టి బీరువాలో పడేయకండి, లోపలి తేమ బయటికి పోదు. బయటికి తీసుకెళ్ళేటప్పుడు మాత్రం కవరు ఉండాలి, బండి మీద కనిపించేలా పట్టుకెళ్తే ఊరంతా టెన్షన్. ఇంట్లో నూనె గుడ్డతో తుడిచి, నూలు గుడ్డ చుట్టి, తాళం వేసిన పెట్టెలో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి. గుండ్లు వేరే చోట. స్ప్రింగు ఎప్పుడూ బిగించి ఉంచకండి. ఎవరైనా చేతిలోకి తీసుకుని చూసి ఇచ్చాక ఒకసారి తుడవండి, చెమటలోని ఉప్పుతో తుప్పు లేవడానికి ఒక్క రాత్రి చాలు. తుపాను హెచ్చరికలు వచ్చే రోజుల్లో వారానికోసారి పెట్టె తెరిచి, సైటు కింద, స్క్రూల చుట్టూ ఎర్రటి చుక్క ఏదైనా లేచిందేమో చూసుకోండి. లేస్తే అప్పటికప్పుడే నూనె, రాగి ముక్క.